రెండు చెట్లు, 14 గెలుపులు

ప్రజ్ఞాపూర్‌లో బస్సెక్కి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దిక్కు పోతుంటే దారిలో ములుగు తగులుతుంది. మేడారం జాతర ములుగు కాదు, మన సిద్దిపేట జిల్లా ములుగు. అక్కడ రాష్ట్ర అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. 2016లో దూలపల్లిలో తాత్కాలికంగా మొదలై, 2019 డిసెంబరులో ఈ ప్రాంగణానికి వచ్చింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీతో దీనికి ఒప్పందం ఉంది. ఇక్కడ బీఎస్సీ ఫారెస్ట్రీ చదివిన పిల్లలు కొందరు పై చదువులకు అక్కడికే వెళ్లారు. ఆబర్న్ అటవీ విభాగానికి 2015లో డీన్‌గా వచ్చిన జానకి అలవలపాటి కూడా తెలుగువారే.

అయితే అడవుల చదువు కోసం ఆగస్టులో అక్కడ దిగిన పిల్లకో పిల్లాడికో మొదట అందేది ఫుట్‌బాల్ పాఠం. ఊరంతా నారింజ, ముదురు నీలం రంగులే. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఎదురుపడితే ‘వార్ ఈగిల్’ అని పలకరిస్తారు. తిరిగి అదే మాట అనాలి. ఆ ఊళ్లో శనివారాలు ఎలా గడుస్తాయో, ఆ ఆట చుట్టూ ఎన్ని కథలున్నాయో ఇక్కడ కొన్ని. నన్నడిగితే అన్నిట్లోకీ గొప్ప కథ ఆటది కాదు, చెట్లది. ఫారెస్ట్రీ పిల్లలు ముందుగా వినాల్సిందీ అదే.

నాలుగు అవకాశాలు, పది గజాలు

పేరు ఫుట్‌బాల్ అయినా కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని ఉరికేది ఎక్కువ. జట్టుకు 11 మంది, మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి, లేదంటే బంతి ఎదుటివాళ్లది. అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ వెంటనే గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. అంతదాకా పోవడం కష్టమనిపిస్తే దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్నొచ్చు, దానికి 3. కబడ్డీ ఆడినవాళ్లకు ఇది తొందరగా బుర్రకెక్కుతుంది. కూతకొచ్చినవాణ్ని నలుగురూ మీదపడి ఆపడం, వాడు పడిపోతూ కూడా గీత కోసం చెయ్యి చాచడం రెండూ ఇక్కడా ఉన్నాయి.

సీజన్ ఆగస్టు చివర మొదలై నవంబరు చివరికి 12 మ్యాచ్‌లతో ముగుస్తుంది. దాదాపు అన్నీ శనివారాలే. ఐపీఎల్‌లో నాలుగైదు ఓడినా ప్లేఆఫ్ చేరొచ్చు. ఇక్కడ మాత్రం చాలాకాలం ఒక్క ఓటమితో ఏడాది ఆశలన్నీ గల్లంతయ్యేవి. 2014 సీజన్ నుంచి నాలుగు జట్లకు, 2024 నుంచి 12 జట్లకు ప్లేఆఫ్ పెట్టాక కొంచెం ఊపిరి పీల్చుకునే వీలు చిక్కింది.

ఊరికన్నా స్టేడియం పెద్దది

2020 జనగణనలో ఆబర్న్ ఊరి జనాభా 76,143. అక్కడి జోర్డన్-హేర్ స్టేడియంలో కూర్చునే చోటు 88 వేల పైచిలుకు. పసిపిల్లలతో సహా ఊరంతా లోపలికి వచ్చి కూర్చున్నా ఇంకో పన్నెండు వేల సీట్లు ఖాళీ. మ్యాచ్ రోజు అవి కూడా నిండుతాయి. మనదగ్గర ఒక విద్యాసంస్థ మైదానం ఊరి జనాభాను మించడం ఊహకు కూడా రాదు.

1939లో కట్టినప్పుడు అది చిన్న మైదానమే. పేరులోని హేర్ ఎవరంటే కెమిస్ట్రీ ఆచార్యుడు క్లిఫ్ హేర్. 1892లో ఆడిన మొట్టమొదటి జట్టులో ఆయనొకడు. ఆ జట్టును కూడగట్టిందీ మాస్టారే, చరిత్ర పాఠాలు చెప్పే జార్జ్ పెట్రీ. 1892 ఫిబ్రవరి 20న అట్లాంటాలో జార్జియా యూనివర్సిటీతో ఆడి 10-0తో గెలిచారు. ఇక జోర్డన్ అంటే పాతికేళ్లు కోచ్‌గా ఉన్న ‘షగ్’ జోర్డన్. ఆయన ఇంకా పదవిలో ఉండగానే 1973లో స్టేడియానికి పేరు పెట్టేశారు.

ఈ యూనివర్సిటీ పుట్టుక 1856లో, చిన్న చర్చి కాలేజీగా. 1872లో ప్రభుత్వ భూమి కేటాయింపు చట్టం కింద అలబామా వ్యవసాయ, యంత్ర విద్యా కళాశాలగా మారింది. అంటే మూలాల్లో అది పొలాలు, చెట్లు, పశువుల కాలేజీ. ఎదుటి ఊరివాళ్లు వెక్కిరించాలనుకున్నప్పుడు ‘పశువుల కాలేజీ’ అనే మాటనే వాడుకుంటారు. ఆబర్న్ వాళ్లు ఆ మాటకు పెద్దగా నొచ్చుకున్నట్టు కనిపించరు.

రైలు పట్టాలకు జిడ్డు

1896లో జార్జియా టెక్ జట్టు రైల్లో ఆబర్న్ వస్తోంది. ముందురోజు రాత్రి కొందరు విద్యార్థులు హాస్టల్ నుంచి జారుకుని స్టేషన్ దగ్గర పట్టాలకు జిడ్డు పూశారు. పొద్దున డ్రైవరు బ్రేకు వేస్తే చక్రాలు పట్టుకోలేదు. రైలు స్టేషన్ దాటి జారుకుంటూ పోయి పక్క ఊరు లోచపోకా దరిదాపుల్లో ఆగింది. ఆటగాళ్లు సామాన్లు మోసుకుంటూ ఎనిమిది కిలోమీటర్ల దాకా వెనక్కి నడిచారు. అలిసిపోయి వచ్చినవాళ్లను ఆబర్న్ 45-0తో చితక్కొట్టింది.

ఇలాంటి పని ఇవాళ చేస్తే రైల్వే పోలీసులు కేసు పెడతారు. అక్కడ మాత్రం అది పండగ అయింది. రాత్రి బట్టల్లో జారుకున్న ఆ కుర్రాళ్ల జ్ఞాపకంగా విద్యార్థులు పైజామాలు వేసుకుని ఊరేగింపు తీయడం ఆనవాయితీగా మారింది.

చొక్కాలో బంతి

ఏటా అమెరికాలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే బహుమతి హైస్మన్ ట్రోఫీ. ఆ జాన్ హైస్మన్ 1895 నుంచి 1899 దాకా ఆబర్న్ కోచ్. లా చదివాడు, ఆట లేని నెలల్లో నాటకాల్లో వేషాలు కట్టేవాడు. ఆ నాటకాల పిచ్చి మైదానంలోకీ వచ్చింది. 1895లో వాండర్‌బిల్ట్ జట్టు మీద ఆడుతుంటే ఆబర్న్ వాళ్లంతా ఒకచోట గుమిగూడారు. వాళ్లలో రెనాల్డ్స్ టిచెనర్ బంతిని చొక్కా లోపల దాచేసి, బూటు తాళ్లు కట్టుకుంటున్నట్టు మోకాలి మీద కూర్చున్నాడు. బంతి ఎవరి దగ్గరుందో తెలియక ప్రత్యర్థులు అందరి వెంటా పరిగెత్తారు. టిచెనర్ లేచి తాపీగా వెళ్లి టచ్‌డౌన్ చేశాడు. ఇంత చేసీ ఆ మ్యాచ్ ఆబర్న్ ఓడిపోయింది, 9-6తో.

అదే హైస్మన్ తర్వాత జార్జియా టెక్‌కు మారి, 1916లో కంబర్లాండ్ అనే చిన్న కాలేజీని 222-0తో ఓడించాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకన్నా పెద్ద తేడా లేదు. దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకైతే అది ఆటలా అనిపించదు. ఆయన పేరిట ఉన్న ట్రోఫీని ఆబర్న్ కుర్రాళ్లు మూడుసార్లు అందుకున్నారు: 1971లో ప్యాట్ సలివన్, 1985లో బో జాక్సన్, 2010లో క్యామ్ న్యూటన్.

పులుల జట్టుకు గద్ద ఎందుకు?

జట్టు పేరు టైగర్స్. అరిచే నినాదం వార్ ఈగిల్. పులి ఎక్కడిదంటే, ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లో అచ్చువేసిన ఓ దీర్ఘకవితలోది. అందులోని పల్లె పేరే ఊరికి పెట్టుకున్నారు, అందులోని పులులనే జట్టుకు తెచ్చుకున్నారు. గద్ద సంగతికి మాత్రం అంతర్యుద్ధం నుంచి మొదలుపెట్టి నాలుగైదు కట్టుకథలున్నాయి, దేన్నీ నమ్మనక్కర్లేదు.

గద్ద మాత్రం నిజంగానే వస్తుంది. 2000 నుంచి సొంత మైదానంలో మ్యాచ్‌కు ముందు స్టేడియం పైనుంచి గద్దను వదులుతున్నారు. 88 వేల మంది చేతులు పైకెత్తి ఒకే అక్షరాన్ని సాగదీసి అరుస్తుంటే, ఆ పక్షి జనం మీదుగా చుట్టు తిరిగి మైదానం నడుమ వాలుతుంది. వీటిని పెంచేది పశువైద్య కళాశాలకు చెందిన వేటపక్షుల కేంద్రం. దెబ్బతిన్న గద్దలకు, గుడ్లగూబలకు వైద్యం చేసి అడవికి వదలడం ఆ కేంద్రం అసలు పని. తిరిగి అడవిలో బతకలేని పక్షులే స్టేడియంలో కనిపిస్తాయి. స్పిరిట్ అనే తెల్లతల గద్ద ముక్కు దెబ్బతిని అలాగే చేరి, ఏళ్లపాటు అక్కడ ఎగిరింది.

2010: ఒక్క ఏడాది వచ్చి పోయిన కుర్రాడు

క్యామ్ న్యూటన్ ఆబర్న్‌కు ఆడింది ఒకే ఒక్క సీజన్. అంతకుముందు ఫ్లోరిడా యూనివర్సిటీలో ఉండి, అక్కణ్నుంచి బయటికొచ్చి, టెక్సస్‌లోని బ్లిన్ అనే రెండేళ్ల కాలేజీలో చేరి ఆ జట్టును 2009లో జాతీయ విజేతను చేశాడు. 2010లో ఆబర్న్ కోచ్ జీన్ చిజిక్ తీసుకున్నాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. బంతి విసరగలడు, విసరడానికి దారి లేకపోతే తానే గుద్దుకుంటూ పోగలడు. ఆ ఏడాది పాస్‌లతో 30, పరుగుతో 20 టచ్‌డౌన్లు.

స్కోర్లు చూస్తే ఆ ఏడాది గెలుపుల్లో ఎన్ని చావుతప్పి కన్ను లొట్టపోయినవో తెలుస్తుంది. మిసిసిపి స్టేట్ మీద 17-14. క్లెమ్సన్ మీద అదనపు సమయంలో 27-24. కెంటకీ మీద 37-34. మధ్యలో అర్కన్సా మీద 65-43 లాంటి పూనకాలు కూడా ఉన్నాయి.

నవంబరు 26న అసలు పరీక్ష. అదే రాష్ట్రంలో టస్కలూసాలో ఉన్న అలబామా యూనివర్సిటీతో ఏటా ఆడే మ్యాచ్ పేరు ఐరన్ బౌల్. ఎక్కువ ఏళ్లు అది బర్మింగ్‌హామ్‌లో జరిగేది. ఆ ఊరు ఇనుము, ఉక్కు కొలుముల ఊరు కాబట్టి ఆ పేరు. ఈ రెండు కాలేజీలూ 1893లో ఆడటం మొదలుపెట్టి, 1907లో 6-6 డ్రా తర్వాత ఖర్చుల మీద, రెఫరీ ఎవరన్నదాని మీద పంతానికి పోయి 41 ఏళ్లు మాట్లాడుకోలేదు. 1948లో మళ్లీ మొదలైంది. రాష్ట్రంలో పుట్టిన ప్రతివాడూ ఈ రెంటిలో ఒక పక్షం ఎంచుకోక తప్పదంటారు. భార్యాభర్తలు చెరో పక్షమైన ఇళ్లకు అక్కడ కొదవ లేదు.

ఆ రోజు ఒక దశలో అలబామా 24-0 ఆధిక్యంలోకి పోయింది. ఆ జోరులోనే దాని మేటి ఆటగాడు మార్క్ ఇంగ్రమ్ ఇంకో టచ్‌డౌన్ దిశగా పోతుంటే వెనకనుంచి ఆబర్న్ ఆటగాడు ఆంట్వాన్ కార్టర్ చెయ్యి తగిలి బంతి జారింది. ఆ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, కిందపడితే ఎటు దొర్లుతుందో దేవుడికే తెలియాలి. ఆ బంతి మాత్రం పక్కగీత వెంట, గీత దాటకుండా, ఇరవై గజాల దాకా దొర్లుకుంటూ పోయి గోల్ ప్రాంతం వెనకనుంచి బయటపడింది. ఒక్క జానెడు పక్కకు తిరిగినా బంతి అలబామాకే ఉండేది. గోల్ ప్రాంతం దాటింది కాబట్టి ఆబర్న్‌కు వచ్చింది. చివరి స్కోరు ఆబర్న్ 28, అలబామా 27.

ఆ తర్వాత వారంలోనే న్యూటన్ ఆట ఆగిపోయేలా కనిపించింది. కొడుకును చేర్చుకోవాలంటే డబ్బు కావాలని అతని తండ్రి అంతకుముందు మిసిసిపి స్టేట్ వైపు బేరం పెట్టాడని కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ తేల్చింది. నవంబరు 30న అనర్హుడన్నారు, కొడుక్కు ఆ సంగతి తెలిసినట్టు ఆధారం లేదని డిసెంబరు 1న మళ్లీ ఆడనిచ్చారు. మూడు రోజులకు సౌత్ కరోలినాను 56-17తో ఓడించి ప్రాంతీయ కప్పు కొట్టారు.

2011 జనవరి 10న అరిజోనాలో ఫైనల్, ఒరెగన్‌తో. చివరి రెండు నిమిషాల్లో 19-19. ఆబర్న్ కుర్రాడు మైకేల్ డయర్ బంతి పట్టుకుని ఉరికాడు, ప్రత్యర్థి మీదపడి లాగాడు, ఇద్దరూ దొర్లారు. పడిపోయాడనుకుని అందరూ ఆగిపోయారు, డయర్‌తో సహా. అయితే అతను దొర్లింది ఎదుటివాడి ఒంటి మీద. మోకాలు నేలకు తగల్లేదు, తగిలింది చెయ్యి మాత్రమే. విజిల్ మోగలేదు. గీత అవతల నుంచి ఆబర్న్ వాళ్లు పరుగెత్తమని కేకలు వేస్తుంటే అతను మళ్లీ అందుకుని మొత్తం 37 గజాలు పోయాడు. ఆఖరి క్షణంలో వెస్ బైరమ్ స్తంభాల మధ్యకు తన్నాడు. 22-19. మొత్తం 14 ఆటలు, 14 గెలుపులు. 1957 తర్వాత ఆబర్న్‌కు మళ్లీ జాతీయ కిరీటం.

రెండు ఓక్ చెట్లు

ఊరి నడిబొడ్డున, యూనివర్సిటీ గేటుకు ఎదురుగా టూమర్స్ అనే పాత మందుల షాపు ఉంది. అక్కడి నిమ్మరసం ప్రసిద్ధి. ఆ కూడలి మూలన పాత ఓక్ చెట్లు రెండు ఉండేవి. జట్టు గెలిచిందంటే జనమంతా అక్కడికి చేరి టాయ్‌లెట్ పేపర్ చుట్టలు ఆ కొమ్మల మీదికి విసిరేవారు. పొద్దున్నే చూస్తే చెట్టు మంచులో ముంచి తీసినట్టు తెల్లగా ఉండేది. ఒకప్పుడు బయటి ఊళ్లో మ్యాచ్ గెలిచిన కబురు టెలిగ్రాఫ్‌లో మందుల షాపుకే వచ్చేదని, కుర్రాళ్లు ఆ టేపును తీగల మీదికి విసిరేవాళ్లని, అదే ఇలా మారిందని చెప్తారు. 1972లో అలబామా కిక్‌లను రెండుసార్లు అడ్డుకుని, రెండింటినీ డేవిడ్ లాంగ్నర్ అందుకుని పరిగెత్తి 17-16తో గెలిచాక ఇది పెద్ద వేడుకగా ముదిరింది.

2011 జనవరి 27న ఓ రేడియో కార్యక్రమానికి ‘డేడ్‌విల్ నుంచి అల్’ అంటూ ఒకడు ఫోన్ చేశాడు. ఐరన్ బౌల్ అయిన వారాంతంలో ఆబర్న్ వెళ్లి ఆ చెట్లకు స్పైక్ 80డీఎఫ్ అనే మొక్కలను చంపే మందు పోశానని, అవి చావడం ఖాయమని చెప్పాడు. గొప్పలు అనుకోవచ్చు. యూనివర్సిటీ మట్టి తీసి పరీక్షిస్తే నిజమేనని తేలింది. అతని పేరు హార్వే అప్‌డైక్, టెక్సస్ పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవాడు. కన్నబిడ్డలకు అలబామా కోచ్ పేరూ జట్టు పేరూ పెట్టుకున్నంత అభిమాని.

ఫారెస్ట్రీ చదివేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ మందులోని రసాయనం టెబుథయురాన్. ఆకుమీద చల్లేది కాదు, మట్టిలో వేస్తే వేళ్లు లాక్కుంటాయి. అది ఆకుకు చేరి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే పనిని ఆపేస్తుంది. ఆకు ఎండి రాలుతుంది. చెట్టు కాండంలో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురుకూ విషం అందుతుంది, అదీ రాలుతుంది. ఇలా చిగురించి చిగురించి నిల్వలు ఖాళీ అయ్యాక చస్తుంది. అందుకే చావు రోజుల్లో కాదు, ఏళ్లలో వస్తుంది. ప్రతి వసంతంలోనూ కొత్తాకు చూసి బతికిందేమోనని జనం ఆశపడటం, మళ్లీ ఆకు రాలడం రెండేళ్లు సాగింది.

హార్టికల్చర్ ఆచార్యుడు గ్యారీ కీవర్ బృందం చేయగలిగిందల్లా చేసింది. వేళ్ల చుట్టూ మట్టి తవ్వి తీసేశారు. విషాన్ని పట్టుకుంటుందని బొగ్గుపొడి కలిపారు. చెట్టుకు ఆహారం తయారుచేసుకునే శక్తి లేదు కాబట్టి కాండంలోకి చక్కెర ద్రావణం ఎక్కించి చూశారు. ఏదీ నిలవలేదు. 2013 ఏప్రిల్ 20న వేల మంది చివరిసారి కాగితాలు విసిరారు. 23న చెట్లు కొట్టేశారు.

అప్‌డైక్ నేరం ఒప్పుకుని డెబ్బై రోజుల పైన జైల్లో ఉన్నాడు. దాదాపు 8 లక్షల డాలర్లు నష్టపరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. 2020లో చనిపోయేనాటికి అందులో కట్టింది చాలా కొద్ది. 2015 ఫిబ్రవరి 14న అదే చోట కొత్త ఓక్‌లు తెచ్చి నాటారు. 2016 సెప్టెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) మీద గెలిచిన రాత్రి ఒకడు చెట్టుకు వేలాడుతున్న కాగితానికి నిప్పు పెట్టాడు. మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ మార్చాల్సి వచ్చింది.

పాత చెట్ల వంశం మాత్రం పోలేదు. విషం సంగతి బయటపడటానికి ఏళ్ల ముందు నుంచే ఫారెస్ట్రీ విద్యార్థులు ఆ చెట్ల కింద గింజలు ఏరి, మొక్కలు పెంచి అభిమానులకు అమ్మేవాళ్లు. ఆ డబ్బు విద్యార్థి సంఘం ఖర్చులకు. అలా ఎన్నో పెరళ్లలో ఆ ఓక్ పిల్లలు ఇప్పటికీ పెరుగుతున్నాయి. ఫుట్‌బాల్ అభిమానం చంపిన చెట్టును నర్సరీ అలవాటు కాపాడింది. 14 గెలుపులకన్నా నాకు ఇదే పెద్ద విజయంలా కనిపిస్తుంది.

ఒక్క సెకను

కప్పు గెలిచిన రెండేళ్లకే 2012లో ఆబర్న్ 12లో 9 ఓడింది. చిజిక్‌ను తీసేశారు. మరుసటి ఏడాది కొత్త కోచ్ గస్ మల్జాన్. 2013 నవంబరు 30న సొంత మైదానంలో ఐరన్ బౌల్, స్కోరు 28-28, గడియారం సున్నా. అలబామా కోచ్ నిక్ సేబన్ ఒక సెకను మిగిలి ఉందని పట్టుబట్టాడు. వీడియో చూసి ఆ సెకను ఇచ్చారు. ఆ సెకనులో 57 గజాల దూరం నుంచి గోల్‌కు తన్నించాడు. బంతి అందలేదు. స్తంభాల కింద కాచుకుని ఉన్న క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని ఉరికాడు. తన్నడానికి దిగిన జట్టులో బరువైన మనుషులే ఎక్కువ, వాళ్లలో అతని వెంట పరిగెత్తగలిగినవాడు లేడు. ఎడమ గీత వెంట మైదానం మొత్తం దాటేశాడు. 34-28. సేబన్ అడిగి తెచ్చుకున్న సెకనే ఆయన కొంప ముంచింది. మన గడియారంలో అప్పటికి ఆదివారం తెల్లవారుతోంది.

గెలిచినా దక్కనివి

1993లో ఆబర్న్ 11కి 11 గెలిచింది. పాత తప్పులకు శిక్షలో ఉండటంతో ఆ మ్యాచ్‌లు టీవీలో రాలేదు, చివర కప్పు మ్యాచ్ ఆడనివ్వలేదు. 2004లో 13కి 13 గెలిచింది. అప్పట్లో ఫైనల్‌కు రెండు జట్లనే ఎంచేవారు, ఆ రెండూ వేరేవి. ఆ 2004 కోచ్ టామీ ట్యూబర్‌విల్ తర్వాత రాజకీయాల్లోకి దిగి 2021లో అమెరికా సెనేటరయ్యాడు. ఓటర్లకు ఆయన్ను పరిచయం చేయాల్సిన పని పడలేదు.

ఓడి చరిత్రకెక్కిందీ ఉంది. 1988 అక్టోబరు 8న లూసియానాలో ఎల్ఎస్‌యూ చివరి రెండు నిమిషాల్లో టచ్‌డౌన్ చేసి ఆబర్న్‌ను 7-6తో ఓడించినప్పుడు జనం గెంతులకు ఆ యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగంలోని భూకంపలేఖినిలో గీత కదిలింది.

డబ్బు

2020 డిసెంబరులో మల్జాన్‌ను తీసేసినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది 2 కోట్ల డాలర్ల పైనే. పని చేయనందుకు. ఆటగాళ్లకు మాత్రం 2021 దాకా తమ పేరు మీద ఒక ప్రకటనలో కనిపించి డబ్బు తీసుకునే హక్కు కూడా లేదు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించొచ్చు, ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ సుమారు 2 కోట్ల డాలర్ల దాకా. న్యూటన్ తండ్రి అడిగాడన్నది లక్షా 80 వేలు. పదిహేనేళ్లలో నేరం కాస్తా జీతం అయింది.

మనవాళ్లు, మన చదువులు

ఆబర్న్ పూర్వ విద్యార్థుల్లో యాపిల్ టిమ్ కుక్, వికీపీడియా జిమ్మీ వేల్స్ ఉన్నారు. కుక్ ఈ జట్టుకు వీరాభిమాని. మన హైదరాబాద్ సత్య నాదెళ్లకు ఆ యోగం లేదు. ఆయన ఎంఎస్ చేసిన విస్కాన్సిన్-మిల్వాకీ యూనివర్సిటీ 1974లోనే ఫుట్‌బాల్ జట్టును ఎత్తేసింది. ఉస్మానియాలో చదివిన అడోబీ శంతను నారాయణ్ 1986లో ఎంఎస్ పట్టా పుచ్చుకున్న బౌలింగ్ గ్రీన్‌కు మాత్రం 1985లో మహర్దశ నడిచింది. వరసగా 11 గెలిచి, ఆఖరి మ్యాచ్‌లో ఫ్రెస్నో స్టేట్ చేతిలో 51-7తో కుప్పకూలింది.

ఈ ఆటను మన గడ్డ మీద నాటాలని 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ అని ఒకటి పెట్టారు. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు కూడా ఉంది. తొలి సీజన్ ఆటలు 2012లో కొలంబోలో జరిగాయి. ఆ లీగ్ తర్వాత నిలదొక్కుకోలేదు.

ములుగులో అటవీ కళాశాలే కాదు, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఉంది. దాని మూలం రాజేంద్రనగర్‌లో 1964లో పెట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం. అమెరికా తరహాలో దాన్ని నిలబెట్టడానికి ఆ రోజుల్లో తోడ్పడింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ, అక్కడి ఆచార్యులు హైదరాబాద్ వచ్చి పనిచేశారు. వ్యవసాయంలో వాళ్లకు ఎంత పేరుందో ఫుట్‌బాల్‌లో అంత అపకీర్తి. 1989లో ఓ పెద్ద క్రీడాపత్రిక దేశంలో అతి చెత్త జట్టు ఇదేనని కథనం రాసింది. అప్పటికి వాళ్లు దాదాపు మూడేళ్లుగా ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆ వరస 30 ఆటల దాకా సాగింది: 29 ఓటములు, ఒక డ్రా. బిల్ స్నైడర్ అనే కొత్త కోచ్ వచ్చాక 1989 సెప్టెంబరు 30న నార్త్ టెక్సస్ మీద ఆట ఆఖరి క్షణంలో టచ్‌డౌన్ చేసి 20-17తో గెలిచారు. తొమ్మిదేళ్లకు అదే జట్టు సీజన్ 11కి 11 గెలిచింది. వాళ్ల స్టేడియానికి ఇప్పుడు స్నైడర్ ఇంటిపేరే ఉంది.